బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు

జూన్ 30, సోమవారం

ప్రొఫెసర్ రెంజూలీ గదిలోకి రాగానే నేను లేచి నిలబడ్డాను. ఇంకెవరూ లేవలేదు.

"ఏమ్మా, బస్సుకి టైమైందా?" అని అడిగారావిడ.

లేదన్నాను. కూర్చోమన్నారు. గదంతా నవ్వింది. పర్వాలేదు. ఇన్నేళ్లుగా కాన్వెంటులో టీచరు రాగానే లేచిన మోకాళ్లు ఒక్క పొద్దుటితో మానుకోవు. రేపు లేవను.

తరగతిలో రకరకాల వాళ్లున్నారు. నర్సు చదువుకి లెక్కలు కావలసినవాళ్లు, పోయినసారి తప్పినవాళ్లు, నాలాగా ఇంకా హైస్కూలు దాటనివాళ్లు. వేసవిలో హైస్కూలు పిల్లలకి కూడా ఈ కాలేజీ తలుపు తీస్తుంది. పదిహేను వారాల కలనగణితం ఆరు వారాల్లో చెప్తారు. సోమవారం నుంచి గురువారం దాకా, రోజూ పొద్దున్నే.

మా బడి క్లారిస్ కూడా వేసవి కాలేజీకే వెళ్లింది. పెద్ద పేరున్న యూనివర్సిటీలో రెండు వారాల శిబిరం. అక్కడ పరీక్షల్లేవు, గ్రేడుల్లేవు, టీషర్టు ఇస్తారు. నాకు టీషర్టు లేదు, గ్రేడు ఉంది. అది జన్మంతా నా రికార్డులో ఉండే నిజమైన కాలేజీ గ్రేడు.

మా కాన్వెంటు లెక్కల టీచరు సిస్టర్ బెనిల్డా షరతు ఒక్కటే: బి గ్రేడు, లేదా అంతకు పైన. వస్తే సెప్టెంబరులో కలనగణితం రెండో భాగానికి కాలేజీకి పంపుతారు. రాకపోతే బడిలోనే అందరితోపాటు వ్యాపార గణితం, వడ్డీలూ పన్నులూ. వడ్డీలూ పన్నులూ చదివినవాళ్లని వంతెనలు కట్టడం నేర్పే కాలేజీలు తీసుకోవు. నేను వంతెనలు కట్టాలి.

బి వస్తుంది. కాన్వెంటులో నాకు ఎప్పుడూ 'ఏ' తప్ప రాలేదు.

జూలై 1

ప్రొఫెసర్ రెంజూలీ బోర్డు మీద పరుగెత్తుతారు. నేనూ పరుగెత్తాను. ఇంటికొచ్చి రఫ్ నోట్సు ముందు పెట్టుకుని, సిస్టర్ నేర్పినట్టే ఫెయిర్ నోట్సు మొదలుపెట్టాను. సూత్రానికి నల్ల సిరా, జవాబుకి ఎర్ర సిరా, చుట్టూ స్కేలుతో పెట్టె. మొదటి పేజీ చాలా బాగా వచ్చింది. రెండోదానికి సిరా కొంచెం అంటుకుంటే చించేసి మళ్లీ రాశాను.

అమ్మమ్మ తొంగిచూసి, "పెళ్లి శుభలేఖలా ఉందే!" అంది.

జూలై 2

ఇవాళ మళ్లీ లేచాను. సగం దాకానే. ఎవరూ చూడలేదు.

పక్క కుర్చీ అమ్మాయి పేరు జులేకా బారోస్. చూసిందట.

జూలై 3

జులేకాకి ఇరవై ఏళ్లు. పోయిన వేసవిలో ఇదే కోర్సు తప్పింది. అప్పుడు బేకరీలో తెల్లవారుజాము పని చేసి, పిండి చేతులతోనే తరగతికొచ్చి నిద్రపోయేదట. ఈ ఏడు పని మానేసింది. ఫార్మసీ చదవాలి తనకి. నోట్సు రాసుకోదు. పాత కవర్ల వెనక లెక్కలు చేస్తుంది, తప్పైతే కొట్టేస్తుంది, ఇంకోటి చేస్తుంది. ఆ కవర్లు చూస్తే నాకు తల దిమ్మెక్కింది.

"నువ్వు లెక్కలు చెయ్యవా?" అని అడిగింది నన్ను.

"ముందు నోట్సు అవనీ," అన్నాను.

"ఇది వేసవి కోర్సు పిల్లా. ముందు వెనక లేవిక్కడ. నువ్వు తుమ్మితే ఒక అధ్యాయం అయిపోతుంది."

తనకి అలవాటు లేదు గనక అలా అంటోంది. పద్ధతి ఉంటే తొందర అక్కర్లేదు.

జూలై 4

స్వాతంత్ర్య దినం సెలవు. నది ఒడ్డున బాణసంచా కాలుస్తున్నారు. వీధిలో అందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అమ్మ సాసేజ్‌లు కాలుస్తూ రెండుసార్లు పిలిచింది. నేను ఫెయిర్ నోట్సులో రెండో అధ్యాయం పూర్తిచేశాను. తరగతి నాలుగులో ఉంది. ఆదివారానికి అందుకుంటాను.

జూలై 6

అందుకోలేదు. కానీ రాసినంతమేరా ఒక్క మచ్చ లేదు.

జూలై 7, సోమవారం

నేను ప్రసిద్ధురాలినయ్యాను. ఈ మాట ఇక్కడ కాకపోతే ఎక్కడ రాసుకుంటాను!

డెక్స్టర్ అని వెనక వరసలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడున్నాడు, వేరే హైస్కూలు. విరామంలో నా నోట్సు చూసి, "ఇదేంటి, అచ్చువేసిన పుస్తకమా?" అని ఫోనుతో ఫొటోలు తీశాడు. వాడి వెనక ఇంకొకరు, ఇంకొకరు. వరస కట్టారు. నన్ను 'సిస్టర్' అని పిలవడం మొదలెట్టాడు.

"సిస్టర్, ఇక రోజూ తాజా పేజీలు మాకే. రెండో అధ్యాయంతో ఆపకు."

మామూలుగా అయితే ముఖం ఎర్రబడేది. ఇవాళ పడలేదు, లేదా పడినా నాకు తెలియలేదు. కొత్త పాఠాలు వాళ్లకి కావాలి కాబట్టి ఇకనుంచి ఏ రోజుది ఆ రోజు తరగతిలోనే నేరుగా ఫెయిర్ రాస్తాను. పాతవి వారాంతాల్లో నింపుతాను. అంతా అదుపులోనే ఉంది.

జూలై 8

భాగహార సూత్రం. ప్రొఫెసర్ బోర్డు నిండా పెద్ద లెక్క ఒకటి చేశారు. నేరుగా ఫెయిర్‌లోకే ఎత్తుకున్నాను, చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. మధ్యలో ఒక వరసలో గుర్తు తేడాగా అనిపించింది. మైనస్ ఉండాలేమో అనుకున్నాను. బోర్డు మీద ప్లస్ ఉంది. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాశాను. నాకు అర్థం కానిదేదో ఉండి ఉంటుంది.

ఆ తర్వాత జులేకా ఏదో అంది, అందరూ నవ్వారు. నేను వినలేదు, పెట్టె గీస్తున్నాను.

డెక్స్టర్ ఆ పేజీకి మూడు ఫొటోలు తీశాడు.

జూలై 9

మొదటి పరీక్ష. బాగానే రాశాను.

జూలై 10

పేపర్లు ఇచ్చారు. ఎండ చాలా ఎక్కువగా ఉంది.

జూలై 11, శుక్రవారం

నలభై ఆరు.

నూటికి.

జులేకాకి ఎనభై తొమ్మిది. డెక్స్టర్‌కి డెబ్బై మూడు. నా నోట్సు చదివి డెబ్బై మూడు తెచ్చుకున్నాడు. "నీ పుణ్యమే సిస్టర్!" అని చెయ్యి కలిపాడు. నాకెంత వచ్చిందని అడగలేదు. ఎవరూ అడగలేదు. నాకు తొంభై పైన వచ్చి ఉంటుందని అందరి నమ్మకం. కాదనడానికి నాకు నోరు రాలేదు.

మొదటి పరీక్ష అంటే అలవాటు పడటానికే. రెండోదానికి పద్ధతి కొంచెం మార్చాలి. పెట్టెలకి పెన్సిలు వాడితే టైము మిగులుతుంది.

జూలై 13, ఆదివారం

చర్చిలో మాస్ అయ్యాక మెట్ల దగ్గర సిస్టర్ బెనిల్డా పట్టుకున్నారు.

"ఎలా సాగుతోంది ఫిలొమీనా?"

"బాగుంది సిస్టర్."

"నోట్సు?"

"చాలా బాగుంది సిస్టర్."

ఆ రెండో జవాబు అబద్ధం కాదు.

ఇంటి దారిలో అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "వారం రోజులుగా నీకు అన్నీ బాగానే జరుగుతున్నాయే. నాకు భయంగా ఉంది," అంది.

"భయమెందుకు?"

"నీ చిన్నప్పుడు కూడా ఒంట్లో జ్వరమున్న రోజే బాగున్నానని ఎక్కువసార్లు చెప్పేదానివి."

నేను ద్రాక్షపందిరి గురించి ఏదో అడిగాను. అమ్మమ్మ ద్రాక్షపందిరి గురించి చెప్పింది.

జూలై 14, సోమవారం

నా బల్ల మీది పేపరు జులేకా చూసింది. దాచలేకపోయాను.

"ఇది నీదా?" అంది. నవ్వలేదు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. మెట్ల మీద కూర్చోబెట్టి మలసాడా అనే చక్కెర బూరె సగం తుంచి ఇచ్చింది. చక్కెర ఒళ్లంతా రాలింది.

"విను ఫిలో. శుక్రవారం దాకా టైముంది. ఆఫీసుకెళ్లి కోర్సులోంచి తప్పుకుంటున్నానని చెప్పు. రికార్డులో డబ్ల్యూ అని పడుతుంది, అంతే. డబ్ల్యూ ఎవరినీ కరవదు. పోయినేడు నేను తప్పుకోకుండా పంతం పట్టాను, ఎఫ్ వచ్చింది. దాన్ని ఇప్పుడు కడుక్కుంటున్నాను."

"డబ్ల్యూ వస్తే సిస్టర్ సెప్టెంబరులో పంపరు."

"సి వస్తే పంపుతారా?"

"పంపరు."

"అయితే సి కన్నా డబ్ల్యూ నయం కదే!"

"బి రావచ్చు."

ఒళ్లోని చక్కెర దులుపుకుంది. "నలభై ఆరు మీంచి బి రావాలంటే ఇక నుంచి ప్రతి పరీక్షలో ప్రొఫెసర్‌కి పాఠం చెప్పాలి నువ్వు. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ రెండు వారాల్లో సొంతంగా ఎన్ని లెక్కలు చేశావు?"

ఆ సంఖ్య ఇక్కడ కూడా రాయను.

సాయంత్రం డెక్స్టర్ నోట్సు అరువడిగాడు. ఫొటోలు మసకగా వచ్చాయట, బుధవారం పరీక్షకి అసలుది కావాలట. రేపు పొద్దున తెస్తానన్నాడు. ఇచ్చాను.

జూలై 15, మంగళవారం

డెక్స్టర్ రాలేదు, ఫోనులో కబురు పెట్టాడు. నోట్సు వాడి ట్రక్కులో ఉంది, ట్రక్కు వాళ్లన్నతో కేప్ కాడ్ సముద్రతీరానికి వెళ్లింది. రేపే పరీక్ష.

తరగతి అయ్యాక గ్రంథాలయంలో జులేకా ముందు కూలబడ్డాను. ఏడ్చానేమో కూడా.

"మంచి పని జరిగింది," అంది జులేకా. "దేవుడున్నాడు, కేప్ కాడ్‌లో ఉన్నాడు. కూర్చో."

పాఠ్యపుస్తకంలోంచి ఒక లెక్క కవరు వెనక రాసి, పుస్తకం మూసేసి దాని మీద మోచేయి పెట్టింది.

"చెయ్యి."

"సూత్రం ఒకసారి చూసి..."

"చూడకు. చెయ్యి."

"తప్పైతే?"

"తప్పైతే కొట్టేద్దువు. అందుకే కవరిచ్చాను, నీ పెళ్లి శుభలేఖ కాదుగా!"

అమ్మమ్మా తనూ ఎక్కడ కలిశారో నాకు తెలియదు.

మొదటిది తప్పు. రెండోది తప్పు. మూడోది సగం దాకా వచ్చి ఆగిపోయింది. జులేకా ఏమీ చెప్పదు, బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని చూస్తుంది. ఐదోదో ఆరోదో నాకే తెలియకుండా చివరిదాకా వెళ్లింది. వెనక్కి చూసుకుంటే ప్రతి వరసా ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఎవరూ రాయమనలేదు, నేనే రాశాను. వింతగా ఉంది.

గ్రంథాలయం మూసే దాకా కూర్చున్నాం. ఇంటికొచ్చి రెండుసార్లు అడిగి పెట్టించుకుని సూప్ తాగాను.

జూలై 16

రెండో పరీక్ష. నాలుగో లెక్క బోర్డు మీద చేసిన లెక్కే, భాగహార సూత్రానిది. పేజీ కళ్లముందు ఉన్నట్టే ఉంది, ఎర్ర పెట్టెతో సహా. కానీ మధ్య వరసలు గుర్తులేవు. అందుకని చేశాను.

బాగా రాశానో లేదో తెలియదు. ఈ వాక్యం నేను రాయడం ఇదే మొదటిసారి.

జూలై 17, గురువారం

అంతా వరసగా రాయాలి.

ప్రొఫెసర్ రెంజూలీ పేపర్లు ఇవ్వలేదు. బల్ల మీద బోర్లా పెట్టి, వాటి మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"నాలుగో లెక్క," అన్నారు. "దాదాపు సగం తరగతి ఒకే వరసలో ఒకే తప్పు చేసింది. అదే గుర్తు, అదే జవాబు. అంతటితో ఆగలేదు. ముగ్గురు జవాబు చుట్టూ ఎర్ర పెట్టె కూడా గీశారు. పాతికేళ్లుగా పాఠాలు చెప్తున్నాను, పరీక్షలో ఎర్ర పెట్టె గీసే జనాన్ని చూడలేదు. ఎవరి పేపరు గదిలో తిరిగిందో ఇప్పుడే చెప్పండి. చెప్పకపోతే పేర్లన్నీ డీన్‌కి పంపిస్తాను. అక్కడికి వెళ్తే ఏమవుతుందో మీకు తెలుసు."

తెలుసు. కాపీ కొట్టారని రికార్డులో పడుతుంది. నర్సు చదువుకి వచ్చినవాళ్లలో ఒకామె రెండు చేతులతో నోరు మూసుకుంది.

డెక్స్టర్ నా వంక చూశాడు. నా పేరు వాడే చెప్పి ఉంటే నాకు సులువయ్యేది.

జులేకా బల్ల కింద నా మోకాలు నొక్కింది. "నిన్న మనం జవాబులు చూసుకున్నాంగా, నీ పేపర్లో ఆ తప్పు లేదు. కదలకు," అంది గొణుగుతూ.

లేచి నిలబడ్డాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పేపరు తిరగలేదు, ప్రొఫెసర్. నా నోట్సు తిరిగింది."

"నీ నోట్సులోకి ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చింది?"

"బోర్డు మీదినుంచి."

"ఏ బోర్డు?"

నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "మీ బోర్డే, ప్రొఫెసర్."

"అయ్యో సిస్టర్," అన్నాడు వెనకనుంచి డెక్స్టర్, చావు కబురు విన్నట్టు.

ఆవిడ చెయ్యి చాపారు. డెక్స్టర్ ఫోను తెచ్చి ఇచ్చాడు. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశారు.

"నాదే," అన్నారు చివరికి. "నా తప్పుని ఇంత అందంగా ఎవరూ అలంకరించలేదు. కానీ ఇది నేను దిద్దాను. రెండు నిమిషాలైనా కాకముందే దిద్దాను. 'ప్రొఫెసర్, మీ మైనస్ భోజనానికి వెళ్లిందా' అని జులేకా అడిగింది, మీరంతా నవ్వారు కూడా. ఫిలొమీనా, అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"పెట్టె గీస్తున్నాను."

గదంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అందుకే కొంచెం ధైర్యం వచ్చింది.

"మరి మిగతావాళ్లు విన్నారుగా? డెక్స్టర్, నువ్వు వినలేదా?"

"విన్నాను ప్రొఫెసర్. కానీ మీ బోర్డుకన్నా ఈమె పేజీ నమ్మకంగా కనిపించింది."

ఆవిడ డెక్స్టర్‌ని వదిలేసి నా వైపు తిరిగారు. "ఆ గుర్తు రాసేటప్పుడు నీకేమీ అనిపించలేదా?"

"తేడాగా అనిపించింది."

"చెయ్యెత్తలేదేం?"

"బోర్డు మీద తప్పు ఉండొచ్చని నాకు తెలియదు."

ప్రొఫెసర్ పేపర్ల కట్టలోంచి నాది వెతికి తీశారు.

"అయితే ఇది చెప్పు. నీ నోట్సు చూసి వాళ్లంతా తప్పు రాశారు. నోట్సు రాసిన నువ్వు ఒప్పు రాశావు. ఎలా?"

"నోట్సు నా దగ్గర లేదు ప్రొఫెసర్. డెక్స్టర్ ట్రక్కులో ఉంది."

ఆవిడ కుర్చీలో కూలబడి, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకున్నారు. నవ్వుకే. తర్వాత తీర్పు చెప్పారు. బోర్డు మీది తప్పు ఆవిడది, చూడకుండా ఎత్తి రాసిన తప్పు రాసినవాళ్లది. ఆ లెక్కకి అందరికీ సగం మార్కులు. డీన్ మాట మళ్లీ రాలేదు.

నా పేపరు డెబ్బై ఒకటి.

అందరూ వెళ్లాక నన్ను ఆగమన్నారు. "రేపు ఆఖరు రోజు, తెలుసుగా? మిగతావన్నీ బ్రహ్మాండంగా రాసినా బి అంచు దాకా వస్తావు, దాటుతావని చెప్పలేను. సి పడితే అది అలాగే ఉండిపోతుంది."

"లెక్క వేసుకున్నాను ప్రొఫెసర్."

"సొంతంగానా?"

"సొంతంగానే."

"ఏం తేలింది?"

"ఉంటాను."

జూలై 18, శుక్రవారం

కాలేజీ ఆఫీసు మధ్యాహ్నం మూసేస్తారు. మూసేశారు. నేను వెళ్లలేదు. పెరట్లో అమ్మమ్మతో కూర్చుని చిక్కుడు గింజలు వలిచాను.

అమ్మ పని నుంచి రాగానే నలభై ఆరు సంగతి చెప్పాను.

"తెలుసు," అంది చెప్పులు విప్పుతూ.

"ఎలా తెలుసు?"

"కన్నాను గనక. కూర్చో, ఏమైందో చెప్పు. నాన్న చేపల పడవ దిగాక ఆయనకి కూడా నువ్వే చెప్పు. నేను మోయను."

చెప్పాను. బోర్డు సంగతి విని అమ్మమ్మ శిలువ గుర్తు వేసుకుంది. మైనస్ భోజనానికి వెళ్లిన మాట విని పొట్ట పట్టుకుని నవ్వింది.

జూలై 22

డెక్స్టర్ నోట్సు తెచ్చిచ్చాడు. అట్ట మీద ఉప్పునీటి మరకలు. బాధ కలగలేదు. జులేకాతో కలిసి ముగ్గురం గ్రంథాలయంలో కూర్చుంటున్నాం. ఇవాళ డెక్స్టర్ చేసిన దాంట్లో తప్పు నేనే పట్టుకుని పైకే చెప్పాను.

"సిస్టర్, నువ్వు నోరు తెరవనప్పుడే బాగుండేది," అన్నాడు.

జూలై 24

మూడో పరీక్ష పేపరు వచ్చింది. ఎనభై.

ఆగస్టు 7, గురువారం

ఆఖరి పరీక్ష అయిపోయింది. జులేకా మెట్ల మీద పడుకుని ఇక జీవితంలో భాగహారం చెయ్యనంది. ఫార్మసీలో మాత్రలు ఎలా పంచుతావని అడిగాను. "అందరికీ ఒకటే మాత్ర ఇస్తా," అంది. డెక్స్టర్ ఇక ఎవరి నోట్సూ ఎత్తుకుపోవద్దని మొక్కుతూ తన ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

ఒక్క లెక్క చెయ్యలేకపోయాను. మిగతావి ఎందుకు సరైనవో నాకు తెలుసు.

ఆగస్టు 12

ఆఖరి పరీక్షలో ఎనభై ఎనిమిది. మొత్తం మీద సి ప్లస్.

జులేకాకి 'ఏ'. ఫోనులో అరిచింది, తర్వాత నా సంగతి గుర్తొచ్చి అరవడం ఆపింది. ఆపొద్దన్నాను. ఇంకోసారి అరవమన్నాను.

ఆగస్టు 13

రికార్డులో సి ప్లస్ ఉంది. ఎప్పటికీ ఉంటుంది. పొద్దుటినుంచి దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాను. దాని లోపల నలభై ఆరు ఉంది, ఎనభై ఎనిమిదీ ఉంది. బయటికి రెండూ కనపడవు.

సిస్టర్ బెనిల్డా రేపు పదింటికి రమ్మన్నారు. కబురు వినడానికి కాదు, కబురు ఆవిడకి ముందే తెలుసు. వ్యాపార గణితం పుస్తకం ఇవ్వడానికి.

ఆగస్టు 14, గురువారం

బడి ఖాళీగా ఉంది. నేలకి మైనం పూశారు, నడుస్తుంటే బూట్లు కీచుమంటున్నాయి. సిస్టర్ పదకొండో తరగతి గదిలో కూర్చుని పుస్తకాలు సర్దుతున్నారు. వ్యాపార గణితం అన్నిటికన్నా పైన ఉంది.

"సి ప్లస్," అన్నారు తల ఎత్తకుండా.

"అవును సిస్టర్."

"నేను అడిగింది బి."

"అవును సిస్టర్. అయినా నన్ను రెండో భాగానికి పంపమని అడగడానికి వచ్చాను."

తల ఎత్తారు. ఈ గదిలో ఎవరూ అడక్కుండా నేను మాట్లాడటం ఆవిడ ఎన్నడూ విని ఉండరు.

రాత్రే అద్దం ముందు అనుకుని పెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఏది తోస్తే అది చెప్పాను. "సిస్టర్, సి ప్లస్ అనేది ఆరు వారాల సగటు. నేను తెలివితక్కువగా ఉన్న వారాలు కూడా అందులో ఉన్నాయి. ఉండాలి, కాదనను. కానీ నేనిప్పుడు ఎక్కడున్నానో అది చెప్పదు. ఈ కోర్సంతా దాని గురించే కదా సిస్టర్. దారి మొత్తానికి సగటు వేగం ఒకటి, ఈ క్షణంలో వేగం వేరొకటి. రెండో భాగానికి వెళ్లేది ఈ క్షణంలో ఉన్న నేను."

"నేనూ కలనగణితం చదివాను ఫిలొమీనా. నువ్వు పుట్టకముందే."

"తెలుసు సిస్టర్."

"నలభై ఆరు సంగతి మీ అమ్మమ్మ చెప్పింది. ఆ వారం మాస్ దగ్గర అడిగితే బాగుందన్నావు."

"అబద్ధం చెప్పాను."

"నోట్సు కూడా బాగుందన్నావు."

"అది నిజమే సిస్టర్. అదే చిక్కయింది."

ఆవిడ పెదవి కొంచెం కదిలింది. కోపమో, మరొకటో. బీరువా లోంచి అట్ట ఊడిపోయిన పాత పుస్తకం తీశారు. ఆవిడ కాలేజీ రోజులది కాబోలు, పేజీలు పచ్చబడి ఉన్నాయి. వెతికి వెతికి ఒకచోట వేలు పెట్టి, నా చేతికి సుద్దముక్క ఇచ్చారు.

"ఇది చెయ్యి."

నేనెప్పుడూ చూడని లెక్క. ఒక నిచ్చెన గోడకి ఆనించి ఉంది, కింది కొస జారుతోంది, పై కొస ఎంత వేగంగా దిగుతోందో చెప్పాలి. బొమ్మ గీశాను, స్కేలు లేకుండా, గోడ వంకర వచ్చింది. మూడు వరసలు సజావుగా సాగాయి. నాలుగో వరసలో ఆగిపోయాను.

ఈ గదిలో బోర్డు దగ్గర ఆగిపోతే చెయ్యవలసింది ఒకటే. సుద్దముక్క పెట్టేసి, తల వంచుకుని, వెళ్లి కూర్చోవాలి. ఇన్నేళ్లూ అందరం అదే చేశాం.

"ఇక్కడ ఆగిపోయాను సిస్టర్," అన్నాను. "కొంచెం టైమివ్వండి. దారి ఉంది, కనిపెడతాను."

సిస్టర్ లేచి, మొదటి బెంచీలో, పిల్లలు కూర్చునే చోట కూర్చున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

రెండు వరసలు కొట్టేశాను. సుద్దపొడి జుట్టులో పడింది. వెనకనుంచి ఆవిడ కళ్లద్దాల్లోంచి చూస్తున్నారని తెలుసు, కానీ నిచ్చెన నన్ను పట్టుకుంది, ఇంకేం పట్టలేదు. నిచ్చెన పొడుగు మారదు. మారనిది ఏదో తెలిశాక మిగతాదంతా దానంతటదే కదిలింది. జవాబు వచ్చింది. పెట్టె గీయలేదు. చేతులు దులుపుకుని వెనక్కి తిరిగాను.

"ఇది సరైనదే," అన్నాను. ఆవిడ చెప్పకముందే.

సిస్టర్ బెనిల్డా బోర్డుని పైనుంచి కిందికి చదివారు. కొట్టేసిన వరసల్ని కూడా. తర్వాత లేచి, వ్యాపార గణితం పుస్తకాన్ని మిగతా వాటి అడుక్కి తోసేశారు.

"కాలేజీ తరగతి ఏ రోజుల్లో?"

"మంగళ, గురువారాలు సిస్టర్. బడి అయ్యాక."

"అయితే ప్రార్థన పాటల సాధన తప్పిపోతుంది నీకు."

"తప్పిపోతుంది సిస్టర్."

"పోనీలే," అన్నారావిడ, పాత పుస్తకం నా చేతిలో పెడుతూ. "అందరితో కలిసి ఆరేళ్లు పాడావు, నీ గొంతు ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది."